ఫియాన్సే వీసా కె-1 మంచిదా, ఇక్కడే పెళ్లి చేసుకుని సీఆర్-1కి వెళ్లడం మంచిదా? పాపకి 17 దాటాయి

వేపచెట్టు:

నమస్తే అండీ. అమెరికా ఫ్యామిలీ వీసాల సంగతి బాగా తెలిసినవాళ్లు ఇక్కడ ఉన్నారని అడుగుతున్నాను.

నేను భారత పౌరురాలిని, హైదరాబాద్‌లో ఉద్యోగం. పెళ్లి చేసుకోవాలనుకుంటున్న ఆయన అమెరికా పౌరుడు, ఒహాయోలో ఉంటారు. తెలుగాయన కాదు, క్రైస్తవుడు. ఇద్దరికీ ఇది రెండో పెళ్లే. ఆయనకి పిల్లలు లేరు. నాకు ఒక పాప, నా దగ్గరే ఉంటుంది, ఇప్పుడు 17 ఏళ్ల 4 నెలలు. తనూ మాతో రావాలి. ఈ ఏడాది ఆయన ఇక్కడికి వచ్చి మా ఇంట్లోవాళ్లందరినీ కలిసి వెళ్లారు.

కె-1 తీసుకుని అక్కడికి వెళ్లి పెళ్లి చేసుకోవడమా, ఇక్కడే చేసుకుని సీఆర్-1 (పౌరుడి భార్యకిచ్చే శాశ్వత నివాస వీసా)కి వెళ్లడమా అన్నది తేలడం లేదు. కె-1 తొందరగా వస్తుందని చాలామంది అంటున్నారు. మా అమ్మేమో మెడలో పసుపుతాడు పడకుండా పంపనంటోంది. ఇంట్లో చిన్నగా తాళి కట్టించేసి, రిజిస్ట్రేషన్ మాత్రం అమెరికాలో చేసుకుంటే కె-1కి ఇబ్బందా? ఆయన జీతం ఏడాదికి 31,000 డాలర్లు, సరిపోతుందా? ఇంకో మాట, ఒక కన్సల్టెన్సీలో అడిగితే టూరిస్ట్ వీసా మీద వెళ్లి అక్కడే పెళ్లి చేసుకుని గ్రీన్‌కార్డ్‌కి అప్లై చేసేయండి, అదే సులువు అన్నారు. నిజమేనా?

నీలిసిరా:

వేపచెట్టు గారూ, మీ కేసులో ముందు చూడాల్సింది వీసా పేరు కాదు, పాప 18వ పుట్టినరోజు. మిగతావన్నీ దాని తర్వాతే.

అమెరికా పౌరుడు తన భార్య బిడ్డ కోసం ఐ-130 పిటిషన్ వేయాలంటే, ఆ బిడ్డకి 18 నిండకముందే వాళ్ల పెళ్లి జరిగి ఉండాలి. చూసేది పెళ్లి తేదీని, పిటిషన్ వేసిన తేదీని కాదు. 17 ఏళ్ల 11 నెలలప్పుడు పెళ్లయి, 18 దాటాక ఐ-130 వేసినా చెల్లుతుంది. 18 నిండాక పెళ్లయితే మాత్రం ఇమిగ్రేషన్ చట్టం ప్రకారం మీ పాప ఆయనకి సవతి కూతురు కాదు, ఆయన పిటిషన్ వేయలేరు. మీకు గ్రీన్‌కార్డ్ వచ్చాక మీరే వేసుకోవాలి. అది కోటా ఉన్న లైను, అందులో తన వంతు వచ్చేదాకా ఎదురుచూడాలి. 18 లోపు పెళ్లి జరిగి, 21 లోపు ఐ-130 పడితే పాప వయసు ఆ దాఖలు తేదీ దగ్గరే ఆగినట్టు లెక్క, కేసు ఎంతకాలం నడిచినా ఫర్వాలేదు. వీసా వచ్చేదాకా తనకి పెళ్లి కాకూడదు, అంతే షరతు.

కె-1లో పిల్లలు కె-2 మీద వస్తారు. అక్కడ 18 నియమం లేదు, 21 నిండకముందు అమెరికాలో అడుగుపెడితే చాలు. అందుకే పిల్లలకి 18 నుంచి 20 మధ్య వయసున్న జంటలకి కె-1 ఒక్కటే దిక్కవుతుంది. మీ చేతిలో ఇంకా ఎనిమిది నెలలున్నాయి కాబట్టి రెండు దారులూ తెరిచే ఉన్నాయి. ఈ పరిస్థితిలో నేనైతే పాపకి 18 రాకముందే ఇక్కడ పెళ్లి, తర్వాత సీఆర్-1 అనే చెబుతాను. ఎందుకో చెప్తాను.

కె-1 తొందర అన్న మాట వీసా చేతికొచ్చేదాకానే నిజం. ఆయన ఐ-129ఎఫ్ (ఫియాన్సే పిటిషన్) వేయాలి, దానికి ముందు రెండేళ్లలో మీరిద్దరూ నేరుగా కలిసి ఉండాలి. అది మీకు సరిపోయింది. ఆమోదం వచ్చాక పిటిషన్ గడువు నాలుగు నెలలు, కాన్సులేట్ దాన్ని పొడిగించగలదు. వీసా ఒక్క ప్రవేశానికే. దిగిన 90 రోజుల్లో ఆయన్నే పెళ్లి చేసుకోవాలి. ఆ 90 రోజులకి పొడిగింపు లేదు, ఇంకో వీసాకి మారే వీలూ లేదు. పెళ్లయ్యాక మీకో ఐ-485 (గ్రీన్‌కార్డ్ దరఖాస్తు), పాపకో ఐ-485. వాటితోపాటు వేసిన ఐ-765 ఆమోదమై వర్క్ పర్మిట్ వచ్చేదాకా ఉద్యోగం చేయలేరు. ఐ-131 మీద అడ్వాన్స్ పరోల్ (వెళ్లి తిరిగి రావడానికి ముందస్తు అనుమతి) రాకుండా దేశం దాటితే ఐ-485 వదులుకున్నట్టే. ఇక్కడ ఇంట్లో పెద్దవాళ్లకి బాగోలేకపోయినా రాలేని నెలలు అవి. జీతం వచ్చే మనిషి ఒక్కరే అయి, ఇంట్లో ముగ్గురున్నప్పుడు ఈ మధ్యకాలం చాలా బరువు. కె-1 తొందర అనేవాళ్లు ఈ భాగాన్ని లెక్కలో వేయరు.

సీఆర్-1లో నిరీక్షణంతా ఇక్కడే, మీ ఉద్యోగం మీకు ఉండగానే. విమానం దిగిన రోజు నుంచే మీరు శాశ్వత నివాసి. ప్రవేశ ముద్ర పడిన వీసానే ఏడాదిపాటు గ్రీన్‌కార్డ్‌లా పనిచేస్తుంది, కార్డు తర్వాత పోస్టులో వస్తుంది. డీఎస్-260 (వీసా దరఖాస్తు ఫారం) నింపేటప్పుడే సోషల్ సెక్యూరిటీ నంబర్ అడిగే ప్రశ్న ఉంటుంది, దానికి అవునని పెట్టండి. పౌరసత్వానికి మూడేళ్ల లెక్క కూడా దిగిన రోజు నుంచే మొదలవుతుంది. కె-1లో అది ఐ-485 ఆమోదమైన రోజు నుంచి.

డబ్బు సంగతి. 2024 ఏప్రిల్ 1 నుంచి ఉన్న యూఎస్‌సీఐఎస్ (అమెరికా ఇమిగ్రేషన్ సంస్థ) ఫీజులతో మీ ఇద్దరికీ లెక్కేస్తే, కె-1కి ఐ-129ఎఫ్ 675 డాలర్లు (పాప పేరు అందులోనే చేర్చాలి), వీసా ఫీజు ఒక్కొక్కరికి 265, అక్కడికి వెళ్లాక ఐ-485 ఒక్కొక్కరికి 1,440. అంటే 4,085. వర్క్ పర్మిట్ కావాలంటే 260, అడ్వాన్స్ పరోల్‌కి 630, ఇవీ మనిషికే. సీఆర్-1లో ఐ-130 ఆన్‌లైన్‌లో వేస్తే 625, కాగితం మీద అయితే 675. పౌరుడి భార్య పిటిషన్‌లో పిల్లలు కలవరు కాబట్టి పాపకి వేరే ఐ-130, వేరే ఫీజు. ఇది చాలామంది గమనించరు, పాప పేరు తల్లి ఫారంలో రాశాం కదా అని ఊరుకుంటారు, ఇంటర్వ్యూ దగ్గరికి వచ్చాక పాపకి కేసే లేదని తెలుస్తుంది. తర్వాత ఎన్‌వీసీ (నేషనల్ వీసా సెంటర్)కి వీసా దరఖాస్తు ఫీజు ఒక్కొక్కరికి 325, స్పాన్సర్ పత్రాల పరిశీలనకి 120, ప్రయాణానికి ముందు ఇమిగ్రెంట్ ఫీజు ఒక్కొక్కరికి 235. మొత్తం 2,500 ప్రాంతంలో తేలుతుంది. మెడికల్ రెండిట్లోనూ వేరే. కట్టే రోజున ఫీజు మళ్లీ సరిచూసుకోండి, తక్కువ కడితే ప్యాకెట్ మొత్తం వెనక్కి పంపేస్తారు.

ఇంకో తేడా గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఇంటర్వ్యూలో ఆఫీసర్‌కి నమ్మకం కుదరకపోతే కె-1 పిటిషన్‌ని యూఎస్‌సీఐఎస్‌కి తిప్పి పంపుతారు. దాని గడువు ఎలాగూ అయిపోయి ఉంటుంది కాబట్టి అక్కడ మామూలుగా అలాగే ముగిసిపోతుంది. మళ్లీ మొదటినుంచి రావాలి, అప్పటికి పాప వయసు ఎంతకొస్తుందో చూసుకోండి. ఐ-130కి అలా గడువు తీరడం ఉండదు. వెనక్కి పంపినా, రద్దు చేయాలంటే ముందు నోటీసు ఇచ్చి జవాబు తీసుకోవాలి.

చెక్కపెట్టె:

నీలిసిరా గారు చెప్పినదానితో ఏకీభవిస్తాను. తాళి సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే తెలుగువాళ్ల కె-1 కేసులకి అసలు గండం అక్కడే.

కె-1 అంటే ఇద్దరూ ఇంకా పెళ్లి కాని స్థితిలో ఉండాలి. మీ అమ్మగారు అన్నట్టు ఇంట్లో తాళి కట్టించి, ఆ ఫొటోలే సంబంధానికి రుజువని జత చేస్తే, ఆఫీసర్ చూసేది నెత్తిన జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, మెడలో పసుపుతాడు. ఆయనకి అవి నిశ్చితార్థం ఫొటోల్లా కనిపించవు. మీకు పెళ్లయిపోయింది, ఈ వీసాకి మీరు అర్హులు కాదు అంటారు. ఫొటోలు దాచిపెడితే అంతకంటే ప్రమాదం. సోషల్ మీడియాలో బంధువులు పెట్టినవి చాలు. ఎవరెవరు వచ్చారు, పురోహితుడు ఉన్నారా అని అడిగినప్పుడు అబద్ధం చెబితే అది తప్పుడు సమాచారం ఇచ్చినట్టు రికార్డులోకి ఎక్కి, ఆ తర్వాత ఏ వీసాకి వెళ్లినా వెంటాడుతుంది.

పోనీ ఆ తాళినే పెళ్లిగా చూపించి ఐ-130 వేద్దామంటే అదీ కుదరదు. ఆయన క్రైస్తవుడు. 1955 హిందూ వివాహ చట్టం ఇద్దరూ హిందువులైతేనే వర్తిస్తుంది. కాబట్టి ఇంట్లో తాళి ఒక్కటే అయితే అటు కె-1 చెడుతుంది, ఇటు సీఆర్-1కి పనికొచ్చే పెళ్లీ కాదు. రెంటికీ చెడటమంటే ఇదే.

మీకు సరిపోయేది 1954 ప్రత్యేక వివాహ చట్టం. మీ ఇద్దరిలో ఒకరు ఆ జిల్లాలో పెళ్లి నోటీసు ఇచ్చే ముందు 30 రోజులు నివాసం ఉండాలి. మీరు ఉన్నారు కాబట్టి ఆయన వచ్చి నెలరోజులు కూర్చోనక్కర్లేదు. నోటీసు ఆఫీసులో అంటిస్తారు, అభ్యంతరాలకి 30 రోజుల గడువు. అది దాటాక ముగ్గురు సాక్షులతో మ్యారేజ్ ఆఫీసర్ ముందు పెళ్లి, అదే రోజు సర్టిఫికెట్. నోటీసు ఇచ్చిన మూడు నెలల్లోపు పెళ్లి జరగకపోతే ఆ నోటీసు చెల్లదు, మళ్లీ ఇవ్వాలి. ఆయన సెలవు దొరకక రాక ఆలస్యమైతే ఇక్కడే దెబ్బతింటారు. నోటీసు మీద ఆయన సంతకం కూడా ఉండాలి. దాన్ని ఎలా సమర్పించాలో మీ రిజిస్ట్రార్ ఆఫీసులో ముందే అడగండి, ఒక్కో ఆఫీసులో పద్ధతి ఒక్కోలా ఉంటుంది.

ఆయన తరఫున పాస్‌పోర్ట్, వీసా, విడాకుల డిక్రీ, ప్రస్తుతం ఎవరితోనూ పెళ్లి లేదన్న ప్రమాణపత్రం అడుగుతారు. అలాంటి ధ్రువీకరణ ఇచ్చే ఒక కేంద్ర కార్యాలయం అమెరికాలో లేదు, అందుకే ఆయనే నోటరీ ముందు ప్రమాణం చేసి ఇస్తారు. డిక్రీ సర్టిఫైడ్ కాపీ తీసుకుని ఒహాయో సెక్రటరీ ఆఫ్ స్టేట్ దగ్గర అపోస్టిల్ (వేరే దేశంలో చెల్లేలా ఇచ్చే ధ్రువీకరణ) వేయించుకుని రమ్మనండి. ఇక్కడికొచ్చాక అది కుదిరే పని కాదు.

అమ్మగారి కోరిక కూడా తీరుతుంది. రిజిస్ట్రార్ దగ్గర పెళ్లైన రోజే, లేదా ఆ తర్వాత, ఇంట్లో తాళి కట్టించుకోండి. ముందు మాత్రం వద్దు. ముందు సంప్రదాయంగా చేసుకుని తర్వాత అదే చట్టం కింద నమోదు చేయించుకునే పద్ధతి కూడా ఉంది, కానీ ఆ పెళ్లి ఈ చట్టం కింద జరిగినట్టు లెక్కకి వచ్చేది రిజిస్టర్‌లో రాసిన తేదీ నుంచే. తాళి పాప 18 లోపు, నమోదు 18 తర్వాత అయిందనుకోండి, మొత్తం కథ అడ్డం తిరుగుతుంది. అన్ని ఫారాల్లోనూ పెళ్లి తేదీగా సర్టిఫికెట్ మీద ఉన్న తేదీనే రాయండి, శుభలేఖ మీద తేదీ కాదు.

వేపచెట్టు:

చాలా ధన్యవాదాలు అండీ ఇద్దరికీ. పాప 18 సంగతి మాకెవరూ చెప్పలేదు. నా విడాకులు పరస్పర అంగీకారంతో ఫ్యామిలీ కోర్టులో అయ్యాయి, డిక్రీ ఉంది. కానీ నా జనన ధ్రువీకరణ పత్రం లేదు, ఊళ్లో ఇంట్లోనే పుట్టాను, ఎవరూ నమోదు చేయించలేదు. పదో తరగతి సర్టిఫికెట్‌లో పేరు ముందు ఇంటిపేరు పొడి అక్షరంగానే ఉంది. పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ గడి ఖాళీ. దీనివల్ల ఇబ్బంది వస్తుందా?

పడవరేవు:

కోర్టు డిక్రీ ఉంది కాబట్టి సగం చిక్కు తీరింది. పెద్దమనుషుల సమక్షంలో స్టాంపు కాగితం మీద రాసుకున్న విడాకులతో వచ్చేవాళ్లూ ఉంటారు, వాళ్లకి కోర్టు గుమ్మం ఎక్కక తప్పదు. మీరు డిక్రీ ఒక్క పేజీ కాకుండా తీర్పుతో సహా పూర్తి సర్టిఫైడ్ కాపీ తీసుకోండి. పాప సంరక్షణ ఎవరిదన్నది అందులో రాసి ఉంటే ఆ పేజీ మీకు బంగారం. ఇంటర్వ్యూ నాటికి పాపకి 18 నిండితే తండ్రి అనుమతి ప్రశ్నే రాదు.

జనన పత్రం లేనప్పుడు రెండు పనులు. ఒకటి, మీరు పుట్టిన ఊరి పంచాయతీ లేదా మున్సిపాలిటీ రికార్డులో మీ జననం నమోదు కాలేదని రాసిచ్చే నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్. అందులో మీ పేరు, తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన తేదీ, ఊరు ఉండాలి. రెండు, దానికి తోడుగా స్కూలు రికార్డు, పదో తరగతి సర్టిఫికెట్, తల్లి గానీ దగ్గరి పెద్ద బంధువు గానీ ఇచ్చే అఫిడవిట్. మీ అమ్మగారు ఉన్నారు కాబట్టి ఆవిడ చేతే ఇప్పించండి. ఎక్కడ పుట్టారు, ఎవరు పురుడు పోశారు, ఎందుకు నమోదు కాలేదు, ఇవన్నీ అందులో రాయించండి. ఇప్పుడు ఆలస్యంగా నమోదు చేయించుకుని కొత్త సర్టిఫికెట్ తెచ్చుకున్నా సరే, పాత స్కూలు కాగితాలు జత చేయడం మానకండి. నలభై ఏళ్ల తర్వాత నమోదైన జననాన్ని ఒంటరిగా చూస్తే ఎవరికైనా సందేహమే. పాపది మీకంటే ముఖ్యం, ఎందుకంటే మీ ఇద్దరి తల్లీబిడ్డల సంబంధానికి రుజువు అదే. తన జనన పత్రంలో తల్లి పేరు మీ పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే ఉందో లేదో ఈరోజే చూసుకోండి.

సర్‌నేమ్ ఖాళీగా ఉంటే అమెరికా వీసాలో మీ పేరంతా ఇంటిపేరు గడిలోకి వెళ్లి, మొదటి పేరు చోట ఎఫ్‌ఎన్‌యూ అని పడుతుంది, అంటే మొదటి పేరు తెలియదని. తర్వాత గ్రీన్‌కార్డ్, డ్రైవింగ్ లైసెన్స్, బ్యాంకు, అన్నింట్లోనూ అదే దిగుతుంది. పెళ్లికి ముందే పాస్‌పోర్ట్ రీ-ఇష్యూకి వెళ్లి ఇంటిపేరు విడదీయించుకోండి, పాపది కూడా చూడండి. ఆ క్రమం ముఖ్యం. కొత్త పాస్‌పోర్ట్‌లో ఉన్న పేరుతోనే పెళ్లి నోటీసు, అదే పేరుతో మ్యారేజ్ సర్టిఫికెట్, అదే పేరుతో ఐ-130. పొడి అక్షరం ఉన్న పదో తరగతి సర్టిఫికెట్‌కి, పూర్తి ఇంటిపేరున్న పాస్‌పోర్ట్‌కి మధ్య ఒక అఫిడవిట్ పెడితే చాలు, దానికి ఎవరూ కేసు ఆపరు. ఆపేది తేదీలు కలవనప్పుడు.

తెలుగులో ఉన్న ఏ కాగితానికైనా పూర్తి ఇంగ్లిష్ అనువాదం, కింద అనువాదకుడి సంతకంతో తనకి రెండు భాషలూ వచ్చని, అనువాదం సరైనదని వాక్యం ఉండాలి. ముద్రలు, చేతిరాత మార్పులు కూడా అనువదించాలి. పోలీస్ క్లియరెన్స్ పాస్‌పోర్ట్ ఆఫీసు నుంచే తీసుకోవాలి, పోలీస్ స్టేషన్ ఇచ్చే ఉత్తరం పనికిరాదు. దాన్ని మరీ ముందే తీసుకోకండి, ఎన్‌వీసీ దశకి వచ్చాక చాలు.

నీలిసిరా:

జీతం గురించి అడిగారు కదా, అది మిగిలిపోయింది. సీఆర్-1కి ఆయన ఐ-864 (స్పాన్సర్ ఇచ్చే ఆర్థిక హామీ పత్రం) ఇవ్వాలి. కుటుంబ పరిమాణానికి తగ్గ పేదరిక పరిమితికి 125 శాతం ఆదాయం చూపాలి. మీ లెక్కలో ఆయన, మీరు, పాప, ముగ్గురు. 2025 పట్టిక ప్రకారం ముగ్గురికి పరిమితి 26,650 డాలర్లు, 125 శాతం అంటే 33,312. ఆయన 31,000 దగ్గర ఆగారు, 2,312 తక్కువ. పట్టిక ఏటా పెరుగుతుంది కాబట్టి మీ వంతు వచ్చేసరికి ఈ తేడా ఇంకొంచెం పెరుగుతుందనే అనుకోండి.

తేడాని పొదుపుతో పూడ్చుకోవచ్చు. పౌరుడి భార్యకి, 18 దాటిన బిడ్డకి తేడాకి మూడు రెట్లు చూపితే చాలు, అంటే సుమారు 7,000 డాలర్లు. బ్యాంకు నిల్వ, షేర్లు, ఏడాదిలోపు నగదు చేసుకోగలిగినవి ఏవైనా సరే. మీ పేరు మీద ఉన్న ఆస్తి కూడా లెక్కలోకి వస్తుంది, ఇక్కడి ఫిక్స్‌డ్ డిపాజిట్ అయినా ఫర్వాలేదు, అమెరికాకి తరలించగలిగేదై ఉండాలి. ముందు నెలలో ఎవరో వేసిన పెద్ద మొత్తం మాత్రం చూపించకండి, ఏడాది స్టేట్‌మెంట్ చూస్తే తెలిసిపోతుంది. ఇల్లు చూపితే అప్పు పోగా మిగిలిన విలువే లెక్క, దానికి వాల్యుయేషన్ కాగితం కావాలి.

లేదంటే జాయింట్ స్పాన్సర్. అమెరికా పౌరుడు గానీ గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్లు గానీ, బంధువే కానక్కర్లేదు. తన ఇంట్లోవాళ్లకి మీ ఇద్దరినీ కలిపి 125 శాతం తన ఆదాయంతోనే దాటాలి, ఆయన జీతంతో కలిపి చూపడం కుదరదు. సంతకం పెట్టే ముందు ఆ మనిషికి ఒక విషయం నిజాయితీగా చెప్పండి. ఈ బాధ్యత మీరు పౌరసత్వం తీసుకునేదాకా, లేదా 40 త్రైమాసికాల పని లెక్కకి వచ్చేదాకా, లేదా దేశం శాశ్వతంగా వదిలేదాకా ఉంటుంది. మీరిద్దరూ విడిపోయినా పోదు.

మీకూ పాపకీ వేర్వేరు కేసులు కాబట్టి ఐ-864 కూడా రెండు సెట్లు. ఆయన తాజా పన్ను ట్రాన్‌స్క్రిప్ట్, డబ్ల్యూ-2 (కంపెనీ ఏటా ఇచ్చే జీతం, పన్ను పత్రం), ఇప్పుడు పనిచేస్తున్నట్టు కంపెనీ ఉత్తరం, చివరి ఆరు నెలల జీతం స్లిప్పులు. కిందటేడు తక్కువ సంపాదించి ఈ ఏడాది జీతం పెరిగి ఉంటే చూసేది ప్రస్తుత ఆదాయాన్నే, ఆ పెరుగుదలకి రుజువు గట్టిగా పెట్టండి.

కె-1లో మొదట ఐ-134 అనే హామీ పత్రానికి 100 శాతం చాలు, ఆ మాట నిజమే. కానీ అక్కడికెళ్లి ఐ-485 వేసేటప్పుడు ఇదే ఐ-864, ఇదే 125 శాతం. అంటే చిక్కు ఆర్నెల్లు వాయిదా పడుతుంది, తీరదు.

పడవరేవు:

టూరిస్ట్ వీసా సలహా ఇచ్చిన కన్సల్టెన్సీ గడప మళ్లీ తొక్కకండి. అమెరికా వెళ్లి అనుకోకుండా పెళ్లి చేసుకుని అక్కడే ఉండిపోవడం వేరు, ఆ ఉద్దేశంతోనే బీ-2 తీసుకుని వెళ్లడం వేరు. రెండోది వీసా ఆఫీసర్‌కి ఉద్దేశం దాచి చెప్పడమే. దొరికితే జీవితకాల నిషేధం, దానికి మినహాయింపు అడగాలంటే ఇంకో పిటిషన్, ఇంకో ఫీజు, ఇంకెన్నో నెలలు. దిగిన 90 రోజుల్లో పెళ్లి చేసుకుని అక్కడే స్థిరపడితే కాన్సులర్ ఆఫీసర్లు మొదటినుంచీ అదే ఉద్దేశమని భావించవచ్చని వాళ్ల మాన్యువల్‌లోనే ఉంది. మీరు ఇప్పటికే ఇంత ప్రణాళిక వేసుకున్నారు, ఆ ఉద్దేశం లేదని మీరెలా చెప్పగలరు? ఇంకో చిక్కు, అలా వెళ్తే పాపని కూడా టూరిస్ట్‌గానే తీసుకెళ్లి చదువు ఆపేయాలి.

ఐ-130 పెండింగ్‌లో ఉండగా మీరు చూడటానికి వెళ్లాలని బీ-2 అడిగితే చట్టం అడ్డుచెప్పదు, కానీ తిరిగి వస్తారని నమ్మించడం చాలా కష్టం. ఆయనే ఇక్కడికి వచ్చి వెళ్లడం మేలు. ఆ రాకపోకల బోర్డింగ్ పాస్‌లు, పాస్‌పోర్ట్ ముద్రలే ఇంటర్వ్యూలో మీకు బలమైన రుజువు. రెండో పెళ్లి, వేర్వేరు మతాలు, వేర్వేరు దేశాలు, ఈ మూడూ కలిస్తే ఆఫీసర్ కొంచెం ఎక్కువే అడుగుతారు. వందల పేజీల చాట్ ప్రింట్ చేయకండి. మొదలైనప్పటి నుంచి నెలకి ఒకటి రెండు పేజీలు, తేదీలు కనిపించేలా. పాపతో ఆయన కలిసి ఉన్న ఫొటోలు, మీ అమ్మగారితో ఉన్నవి, పాప చదువుకి ఆయన ఏమైనా పంపి ఉంటే ఆ రసీదు.

వేపచెట్టు:

అర్థమైంది అండీ. ఇంకొక్క సందేహం. ఆయనకి సెలవు దొరకకపోతే, వీడియో మీద ఆన్‌లైన్‌లో పెళ్లి చేసే అమెరికా కౌంటీ ఒకటి ఉందట కదా, పాప 18 లోపు అలా చేసుకుంటే చెల్లుతుందా?

చెక్కపెట్టె:

యూటా కౌంటీ గురించి అంటున్నారు. ఆ సర్టిఫికెట్ నిజమైనదే. కానీ ఇమిగ్రేషన్ చట్టంలో ఇద్దరూ ఒకచోట లేకుండా జరిగిన పెళ్లి, ఆ తర్వాత ఇద్దరూ కలిసి కాపురం చేస్తేనే లెక్కకి వస్తుంది. అంటే ఎలాగూ ఆయన రావాలి, వచ్చినట్టు రుజువు చూపాలి. మీ పెళ్లి తేదీ మీద పాప కేసు మొత్తం ఆధారపడి ఉంది. అలాంటప్పుడు వాదనకి తావిచ్చే పెళ్లి ఎందుకు? ఆయనకి మరీ దారి లేకపోతే తప్ప అటు వెళ్లకండి.

మీకున్న ఎనిమిది నెలల్లో చేయాల్సిన క్రమం ఇది. ముందు పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు, మీది, పాపది. అది నడుస్తుండగానే ఆయన డిక్రీ, అపోస్టిల్, ప్రమాణపత్రం. పాస్‌పోర్ట్ చేతికి రాగానే రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్లి విదేశీయుడితో పెళ్లికి వాళ్లు అడిగే జాబితా రాయించుకోండి. నోటీసు పాప పుట్టినరోజుకి కనీసం నాలుగు నెలల ముందు పడాలి. అప్పుడు ఎవరైనా అభ్యంతరం పెట్టినా, ఆయన టికెట్ వాయిదా పడినా, ఇంకో నోటీసు ఇచ్చుకునే వ్యవధి ఉంటుంది. 30 రోజుల గడువు ముగిసే వారానికి ఆయన టికెట్ తీసుకోమనండి, పది రోజుల సెలవు చాలు. పెళ్లి, సర్టిఫికెట్ సర్టిఫైడ్ కాపీలు ఒక నాలుగు, ఇంట్లో తాళి, అన్నీ అందులో అయిపోతాయి.

ఆయన తిరిగి వెళ్లగానే ఆన్‌లైన్‌లో రెండు ఐ-130లు, మీ కేసుకి ఐ-130ఏ (భార్య వివరాల ఫారం) కూడా. పాప పిటిషన్‌లో మీ పెళ్లి సర్టిఫికెట్, మీ ఇద్దరి పాత విడాకుల డిక్రీలు, పాప జనన పత్రం మళ్లీ జత చేయాలి, తల్లి కేసులో ఉన్నాయి కదా అని వదిలేయకండి. కాగితం మీద వేయాలనుకుంటే చెక్కు పంపకండి, 2025 అక్టోబర్ 28 నుంచి యూఎస్‌సీఐఎస్ చెక్కులు, మనీ ఆర్డర్లు తీసుకోవడం లేదు. కార్డుకి జీ-1450, బ్యాంకు ఖాతాకి జీ-1650 ఫారం పెట్టాలి.

పెళ్లయి రెండేళ్లు నిండకముందే మీరు అమెరికాలో దిగితే రెండేళ్ల షరతుల గ్రీన్‌కార్డ్ వస్తుంది. అది ముగిసే ముందు 90 రోజుల్లో ఐ-751 (షరతులు తీసేయమని అడిగే ఫారం) వేయాలి, ఫీజు 750 డాలర్లు. దిగే రోజుకి రెండేళ్లు నిండితే ఐఆర్-1 కింద పదేళ్ల కార్డు, ఆ పని ఉండదు. మీ పెళ్లి తేదీ నుంచి లెక్కేసి, ప్రయాణం రెండేళ్లకి ఒకటి రెండు వారాల ముందు పడేట్టుంటే, వీసా గడువు చూసుకుని టికెట్ కొంచెం వెనక్కి జరుపుకోండి.